కాలిఫోర్నియా స్మాగ్ చెక్: టెస్టుకి ముందు కారు మానిటర్లు సిద్ధం చేసుకునే పద్ధతి

సెలవులకి ఇండియా వెళ్లి నెలన్నర తర్వాత ఫ్రీమాంట్ తిరిగొచ్చేసరికి కారు బ్యాటరీ డౌన్ అయి ఉంటుంది. కొత్తది వేయిస్తే కారు మామూలుగానే నడుస్తుంది. ఈలోగా డీఎంవీ (వాహనాల రిజిస్ట్రేషన్ శాఖ) నుంచి రిజిస్ట్రేషన్ రెన్యువల్ నోటీసు వచ్చి ఉంటుంది, అందులో స్మాగ్ సర్టిఫికెట్ (కారు పొగ కాలుష్యం టెస్టు పాసైనట్టు ఇచ్చే పత్రం) కావాలని రాసి ఉంటుంది. ఆ వారాంతంలోనే స్మాగ్ టెస్టు చేసే స్టేషన్‌కి తీసుకెళ్తే కారు ఫెయిల్. చెక్ ఇంజిన్ లైటు లేదు, పొగ లేదు, అయినా ఫెయిల్. మన కుటుంబాలు చాలా వాటికి ఈ పరిస్థితి ఎదురవుతోంది. ముందే తెలిస్తే తేలిగ్గా తప్పించుకోవచ్చు.

2000, ఆ తర్వాతి మోడల్ గ్యాస్ (పెట్రోల్) కార్లకి ఇప్పుడు పొగ గొట్టం దగ్గర కొలతలు తీయరు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకి (కారు కంప్యూటర్‌ని చదివే సాకెట్‌కి) కేబుల్ పెట్టి, కారు కంప్యూటర్ ఏం చెబుతోందో చదువుతారు. పొగలోని హానికర వాయువుల్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, పొగలో కొంత మళ్లీ ఇంజిన్లోకి పంపే ఈజీఆర్, ట్యాంకులోని ఆవిరి బయటికి పోకుండా చూసే ఇవాప్ వ్యవస్థ, వీటన్నిటినీ ఆ కంప్యూటర్ నడకలో తనంతట తాను పరీక్షించుకుంటుంది. ఒక్కో పరీక్షని ఒక మానిటర్ అంటారు. బ్యాటరీ తీసినా, పూర్తిగా డౌన్ అయినా, స్కానర్‌తో కోడ్లు (కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాల గుర్తులు) చెరిపినా ఆ ఫలితాలు పోతాయి. మానిటర్లన్నీ 'ఇన్‌కంప్లీట్' అయిపోతాయి. అంటే కారు చెడిపోయిందని కాదు, బాగుందనడానికి ఇంకా రుజువు లేదని.

ఎన్ని మానిటర్లు పూర్తవ్వాలి అన్నదాంట్లో చాలామంది పొరబడతారు. 2000, ఆ తర్వాతి గ్యాస్ కార్లకి ఇవాప్ ఒక్కటి ఇన్‌కంప్లీట్‌గా ఉన్నా పాస్ చేస్తారు, మిగతావన్నీ పూర్తవ్వాలి. 1996 నుంచి 1999 మోడళ్లలో ఏదో ఒకటి మిగిలినా ఫర్వాలేదు. డీజిల్ అయితే 1998–2006 మోడళ్లలో ఒక్కటీ మిగలకూడదు, 2007 నుంచి రెండు దాకా ఒప్పుకుంటారు. ఇవాప్ మానిటర్ చాలా కార్లలో అన్నిటికన్నా ఆలస్యంగా పూర్తవుతుంది. దానికోసం వారాల తరబడి ఎదురుచూస్తూ గడువు దాటించుకోకండి.

టెస్టుకి వెళ్లేముందు ఇంట్లోనే చూసుకోండి. చవకైన ఓబీడీ స్కానర్‌లో 'ఐ/ఎం రెడీనెస్' అనే మెనూ ఉంటుంది. బ్లూటూత్ అడాప్టర్ కొని ఫోన్ యాప్‌లో చూసినా చాలు. చాలా హోండాల్లో స్కానర్ కూడా అక్కర్లేదు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, చెక్ ఇంజిన్ లైటుని గమనించండి. కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోతే మానిటర్లు సిద్ధం, అయిదుసార్లు మిణుకుమంటే ఇంకా కాలేదు. మీ మోడల్‌కి ఈ పద్ధతి ఉందో లేదో ఓనర్స్ మాన్యువల్లో ఉంటుంది.

ఇక నడపడం. కారుని రాత్రంతా కదపకుండా ఉంచండి. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక స్టార్ట్ చేస్తేనే కొన్ని పరీక్షలు మొదలవుతాయి. ట్యాంకు సగానికి అటూ ఇటూ ఉండాలి. నిండుగా ఉన్నా, అడుగంటినా ఇవాప్ పరీక్ష మొదలే కాదు. గ్యాస్ మూత టిక్కుమనేదాకా బిగించండి. పొద్దున స్టార్ట్ చేశాక రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, కాసేపు సిగ్నళ్ల మధ్య ఆగుతూ వెళ్లి, ఆపైన ఫ్రీవే ఎక్కండి. అక్కడ 55–60 మైళ్ల వేగంలో పది నిమిషాలైనా నిలకడగా సాగాలి. తర్వాత వెనక ఎవరూ లేనప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, బ్రేక్ తొక్కకుండా వేగం దానంతటదే తగ్గనివ్వాలి. పని రోజుల్లో 880 ఫ్రీవే మీద ఇది కుదిరే పని కాదు. ఆదివారం పొద్దున్నే ఫ్రీమాంట్ నుంచి లివర్‌మోర్ గుడికి వెళ్లిరండి, ఆ దారిలో ఇవన్నీ చాలావరకు కలిసొస్తాయి. ఒక్కరోజులో అవ్వకపోతే టెన్షన్ పడకండి, కొన్ని రోజులు ఇలాగే నడపండి. హైబ్రిడ్లలో ఇంజిన్ ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి ఇంకాస్త సమయం పట్టొచ్చు. ఒక్కో కంపెనీకి డ్రైవ్ సైకిల్ (మానిటర్లు పూర్తవ్వడానికి ఇలా నడపాల్సిన క్రమం) కొంచెం వేరు, మీ మోడల్‌ది డీలర్ సర్వీసు వాళ్లని అడిగితే చెప్తారు.

మధ్యలో మళ్లీ కోడ్లు చెరిపితే మాత్రం కథ మొదటికొస్తుంది. లైటు వెలుగుతుంటే చెరిపేసి టెస్టుకి వెళ్లమనే సలహా అస్సలు వినకండి. 2010, ఆ తర్వాతి కార్లలో పర్మనెంట్ కోడ్లు ఉంటాయి, వాటిని స్కానర్‌తో చెరపడం కుదరదు. 2019 జూలై నుంచి వాటినీ చూసి ఫెయిల్ చేస్తున్నారు. చివరిసారి కోడ్లు చెరిపాక 200 మైళ్లు నడిచి, ఇంజిన్ 15 సార్లు చల్లగా మొదలై వేడెక్కి ఉంటే ఆ కోడ్లని లెక్కలోకి తీసుకోరు.

ఇక టెస్టు సంగతి. మోడల్ సంవత్సరం 8 ఏళ్లు దాటిన గ్యాస్ కార్లకీ హైబ్రిడ్లకీ మన బే ఏరియాలో రెండేళ్లకోసారి స్మాగ్ చెక్ తప్పదు, ఎలక్ట్రిక్ కార్లకి అక్కర్లేదు. నోటీసు వెంట తీసుకెళ్లండి. దాంట్లో 'స్టార్' స్టేషన్ (రాష్ట్రం ప్రత్యేకంగా గుర్తించిన టెస్టు స్టేషన్) అని ఉంటే మామూలు స్టేషన్లో చేయించినా చెల్లదు. టెస్టు ధర షాపుని బట్టి మారుతుంది, పాసైతే సర్టిఫికెట్‌కి 8.25 డాలర్లు అదనం. ఫలితం నేరుగా డీఎంవీకి వెళ్తుంది, సర్టిఫికెట్ 90 రోజులు చెల్లుతుంది. అందుకే నోటీసు రాగానే మానిటర్ల పని మొదలుపెట్టండి.

గడువు దగ్గరపడినా కారు పాసవ్వకపోతే రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం ముందే కట్టేయండి. ఫీజు అందితే ఆలస్య రుసుము పడదు, కొత్త స్టిక్కర్ మాత్రం సర్టిఫికెట్ వచ్చాకే ఇస్తారు. నిజంగానే రిపేరు అవసరమై, ఆదాయం తక్కువగా ఉంటే, స్మాగ్ చెక్ నడిపే రాష్ట్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ వాళ్ల కన్స్యూమర్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్‌కి (రిపేరు ఖర్చుకి సాయం చేసే పథకానికి) ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్లు ఆమోదించకముందే సొంతంగా చేయించుకున్న రిపేర్లకి డబ్బు ఇవ్వరు, కాబట్టి కారు షాపులో పెట్టేముందే దరఖాస్తు చేయండి.