కడుపుతో ఉన్నప్పుడు రక్తం - 3వ పాఠం: మాత్ర ఏ వేళకు మింగాలి

పోయిన పాఠంలో తల్లీబిడ్డల కార్డు తీసి హెచ్‌బీ (రక్తంలోని హిమోగ్లోబిన్) అంకె చదవడం నేర్చుకున్నాం. 11 కన్నా తక్కువైతే రక్తహీనత, 7 కన్నా దిగితే ఇంట్లో మాత్రలతో సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇప్పుడు మాత్ర సంగతి.

తిరుపతిలో మా చెల్లెలికి ఆరో నెలలో 9.2 వచ్చింది. "రోజూ వేసుకుంటూనే ఉన్నా కదక్కా" అని ఒకటే టెన్షన్. ఏదీ, ఎలా వేసుకుంటున్నావో చూపించవే అన్నా. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని, ఎర్ర ఐరన్ మాత్రా కాల్షియం మాత్రా కలిపి ఆ టీతోనే గుటుక్కున మింగేసింది! టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, కాల్షియమూ అడ్డుపడుతుంది, ఇక రక్తం ఎక్కడ పెరుగుతుంది?

టీకి, ఐరన్‌కి మధ్య కనీసం గంట, కాల్షియానికి రెండు గంటలు ఎడం పెట్టండి. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. పరగడుపున వికారంగా ఉంటే అన్నం తిన్నాక కాసేపాగి రాత్రి వేసుకోండి, కొంచెం తక్కువ పట్టినా మానేయడం కన్నా నయం. సర్కారు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180. రక్తం తక్కువుంటే డాక్టరే రెండు చేస్తారు, మీరుగా పెంచుకోవద్దు.

మనకు రాగి సంగటి ఉందిగా అంటారేమో, రాగుల్లో ఐరన్ ఉన్నా అది తేలిగ్గా ఒంటికి పట్టదు. పక్కన తోటకూర పప్పు పెట్టుకుని నిమ్మకాయ పిండుకోండి.

"ఐరన్ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది" అనే పెద్దవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. నల్లగా వచ్చేది దొడ్డికి, బిడ్డ రంగుకీ దానికీ సంబంధమే లేదు. బిడ్డకు అసలు నష్టం మాత్ర మానేస్తేనే. కడుపులో బిడ్డ ముఖ్యంగా చివరి మూడు నెలల్లో ఐరన్ దాచుకుంటుంది, తల్లిపాలలో అది చాలా తక్కువ కాబట్టి పుట్టాక సుమారు ఆరు నెలలు ఆ నిల్వతోనే నెట్టుకురావాలి. తల్లికి రక్తం బాగా తక్కువైతే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు, బిడ్డ రెండున్నర కిలోల లోపే పుట్టవచ్చు, మెదడు ఎదుగుదల మీదా దెబ్బ పడవచ్చు.

ఈ వారం పని: క్యాలెండర్‌లో తేదీ పక్కన మాత్ర వేసుకున్న టైము, దానికి గంట ముందూ వెనకా ఏం తాగారో రాయండి. నెల తర్వాత హెచ్‌బీ కనీసం 1 పెరగాలి. మా చెల్లెలికి 10.3 వచ్చింది. మీకు పెరగకపోతే ఆ క్యాలెండర్‌తో సహా డాక్టరు దగ్గరికి వెళ్లండి.