పికప్ బండిలో ఆరని ఎర్ర బ్రేకు దీపం: కారణాన్ని వరుసగా వెతికే పద్ధతి

తాళం తిప్పగానే మీటరు బోర్డు మీద వృత్తంలో ఆశ్చర్యార్థకం ఉన్న ఎర్ర దీపం ఒకసారి వెలగడం సహజమే. ఇంజను అందుకుని, హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించిన తరువాత కూడా అది ఆరకపోతే మాత్రం బ్రేకు ఆయిల్ కొంత పోసి దీపాన్ని ఆర్పేయాలని చూడకండి. ఆయిల్ ఎందుకు తగ్గిందో తేలనంత వరకు ఆరిన దీపం వెలిగే దీపం కన్నా ప్రమాదకరం.

అన్నిటికన్నా ముందు పెడల్‌ను పరీక్షించండి. ఇంజను నడుస్తుండగా పెడల్‌ను అర నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టినప్పుడు అది మెల్లగా కిందికి జారుతున్నా, మెత్తగా అణుగుతున్నా బండిని అక్కడి నుంచి కదపకుండా మెకానిక్‌ను పిలిపించడమే సరైన పని.

పెడల్ గట్టిగా నిలబడితే వెతుకులాటకు వ్యవధి ఉన్నట్టే. బొలెరో పికప్ వంటి బండ్లలో ఈ దీపం సాధారణంగా రెండు చోట్ల నుంచి వెలుగుతుంది: హ్యాండ్ బ్రేకు లివరు దగ్గరి స్విచ్చి ఒకటి, బ్రేకు ఆయిల్ డబ్బాలోని తేలే బిళ్ల కింద పనిచేసే స్విచ్చి మరొకటి. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేని పాత బండ్లలో ఈ రెండింటి కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఊడదీసి చూస్తే, ఏది ఊడదీసినప్పుడు దీపం ఆరితే వెతకవలసింది ఆ వైపే అని తెలుస్తుంది. రెండూ తీసినా వెలుగుతూనే ఉంటే వైరు ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగులుతున్నదని అనుమానించాలి.

హ్యాండ్ బ్రేకు స్విచ్చి సంగతి తేలిక. లివరును చేత్తో కిందికి నొక్కినప్పుడు దీపం ఆరితే స్విచ్చిలో దుమ్ము చేరిందనో, దాని స్థానం సరిచేయాలనో అర్థం. కేబుల్ బిగుసుకుని బ్రేకు పూర్తిగా వదలకపోతే కొంత దూరం నడిపాక వెనుక డ్రమ్ములు వేడెక్కి కాలిన వాసన వస్తుంది.

ఆయిల్ డబ్బా దగ్గరే అసలు ఓపిక కావాలి. బండిని సమతలంపై నిలిపి మట్టం చూడండి. మదనపల్లె నుంచి టమాటా లోడుతో భాకరాపేట ఘాట్ దిగుతున్నప్పుడు మాత్రమే దీపం మిణుకుమంటూ, చదును రోడ్డుపై ఆరిపోతుంటే మట్టం కనిష్ఠ గీత దగ్గర ఊగుతున్నదని ఊహించవచ్చు. ముందు చక్రాల ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నొక్కే క్యాలిపర్ పిస్టన్లు బయటికి జరిగి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది కాబట్టి, ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు చేరితే పోయవలసింది ఆయిల్ కాదు, మార్చవలసింది ప్యాడ్లు. అప్పటికే నిండుగా పోసి ఉంటే కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు ఆయిల్ పొంగి, పడిన చోటల్లా రంగును తినేస్తుంది.

ప్యాడ్లూ, వెనుక డ్రమ్ముల్లో ఒరుసుకునే లైనర్లూ బాగుండి మట్టం మాత్రం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదన్న మాటే. చక్రాల లోపలి వైపులు, రబ్బరు హోసులు, లోహపు పైపుల జాయింట్లు చూసి, వెనుక డ్రమ్ము విప్పి, లైనర్లను నెట్టే వీల్ సిలిండర్ దుమ్ము తొడుగును కొద్దిగా ఎత్తండి. లోపల ఆయిల్ చేరి ఉంటే సిలిండర్ పోయినట్టే, ఆయిల్‌లో నానిన లైనర్లను కడిగి వాడకుండా మార్చవలసిందే. బయట ఎక్కడా తడి లేకపోతే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌ను, పెడల్ ఒత్తిడిని పెంచే బూస్టర్ నుంచి విప్పి చూడాలి, ఎందుకంటే వెనుక సీలు పోయినప్పుడు ఆయిల్ చప్పుడు లేకుండా బూస్టర్‌లోకి చేరుతుంది.

పోసే ఆయిల్, బండిలోని డబ్బా మూత మీద రాసి ఉన్న రకమే కావాలి. నీరు చేరని డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు, డాట్ 4 కనీసం 230 వరకు మరగవు. గాలిలోని తేమను పీల్చుకున్నాక ఈ హద్దులు 140, 155కు పడిపోతాయి. అందుకే ఎన్నాళ్లుగానో మూత తెరిచి ఉన్న సీసాలోని ఆయిల్ పోయవద్దు. ఇంజను ఆయిల్ చుక్క కలిసినా రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

ఎర్ర దీపంతో పాటు పసుపు ఏబీఎస్ దీపం కూడా వెలిగితే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనుక చక్రాలు ముందే బిగుసుకుని బండి పక్కకు తిరగవచ్చు. అప్పుడు లోడు దించి, నెమ్మదిగా, బండిలోని లోపాలను చదివే స్కానర్ ఉన్న షెడ్డుకు తీసుకువెళ్లాలి.

మరమ్మతు ముగిసి, పైపుల్లోని గాలి తీయించాక, డబ్బాపై ఆయిల్ మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టి వారం తరువాత అదే సమతలంపై చూడండి. మట్టం గీత కిందికి దిగితే మళ్లీ చక్రాల దగ్గరి నుంచే మొదలుపెట్టాలి.