రికార్డ్ చేసిన పాటలో ఎవరి పేరు ఎక్కడ వేయాలో తేల్చుకోవడం ఎలా?

పాట విడుదలకు ముందురోజు రాత్రి పేర్ల జాబితా రాయడానికి కూర్చోకండి. అప్పటికి ఎవరు ఏం చేశారో సగం మరచిపోయి ఉంటారు. రికార్డింగు మొదలైన రోజే ఒక పుస్తకం తెరిచి, ప్రతి సెషన్ చివర తేదీ, వచ్చినవారు, చేసిన పని రాసిపెట్టండి. ఇదే మొదటి అడుగు.

తర్వాత ఏ పనికి ఏ పేరో తెలుసుకోవాలి. నిర్మాత అనగానే మనకు పెట్టుబడి పెట్టినవారు గుర్తొస్తారు. సంగీతంలో ప్రొడ్యూసర్ వేరు. పలుమార్లు పాడి రికార్డ్ చేసినవాటిలో ఏ టేక్ ఉంచాలి, పాట నడక ఎంత ఉండాలి, చరణానికి ముందు వాద్యాలు ఆగాలా వద్దా అని తేల్చి, ఫలితానికి బాధ్యత వహించేది ఆయనే లేదా ఆమే. మైకులు అమర్చి ధ్వనిని పట్టుకునేవారు రికార్డింగ్ ఇంజనీర్. విడివిడి ట్రాకుల హెచ్చుతగ్గులు సరిచేసి ఒక్క పాటగా కూర్చేవారు మిక్సింగ్ ఇంజనీర్. ఆ మిక్సును విడుదలకు తగినట్టు తీర్చేవారు మాస్టరింగ్ ఇంజనీర్. ఒక్కరే అన్నీ చేస్తే అన్నిచోట్లా ఆ పేరే వేయాలి.

చిక్కు వచ్చేది ఈ పనుల సరిహద్దుల్లోనే. మిక్సింగ్ ఇంజనీర్ మొదటి చరణంలో డ్రమ్స్ తీసేసి, కొత్తగా ఒక కీబోర్డు స్వరం చేర్చారనుకోండి. అది మిక్సింగ్ దాటిన పని, 'అదనపు ప్రొడక్షన్' అని వేయడం న్యాయం. స్టూడియోలో కూర్చుని ఒక సలహా ఇచ్చినంత మాత్రాన ఎవరూ ప్రొడ్యూసర్ కారు. ఎన్ని గంటలు ఉన్నారని కాదు, ఈ మనిషి లేకపోతే పాటలో ఏ నిర్ణయం మారేదని అడగండి.

బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ 1970లో విడుదల చేసిన 'లెట్ ఇట్ బీ' ఆల్బమ్ చూడండి. 1969లో ఆ రికార్డింగుల వెంట ఉన్నవారు జార్జ్ మార్టిన్, గ్లిన్ జాన్స్. తర్వాత ఆ టేపులకు వాద్యబృందాన్ని, బృందగానాన్ని జోడించింది ఫిల్ స్పెక్టర్. అట్టమీద ప్రొడక్షన్ దగ్గర స్పెక్టర్ పేరు పడింది, మిగతా ఇద్దరూ కృతజ్ఞతల వరుసలో మిగిలారు. నాకు అది ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. ఇద్దరి పనీ వినిపిస్తున్నప్పుడు ఇద్దరి పేర్లూ ఉండాలి. అమెరికన్ రికార్డింగ్ ఇంజనీర్ స్టీవ్ ఆల్బినీ దారి ఇందుకు భిన్నం. తాను చేసింది రికార్డింగు మాత్రమేనని, ప్రొడ్యూసర్ అన్న పేరు ఆయన వద్దనుకునేవారు, రాయల్టీ, అంటే పాట ఆదాయంలో వాటా, కూడా తీసుకునేవారు కాదు.

మిక్సింగుకు ఫైళ్లు పంపకముందే పేరు ఎలా రాయాలో, ఏ హోదానో, రాయల్టీలో వాటా ఉందో లేదో రాతపూర్వకంగా ఒప్పుకోండి. పేరు వేసినంత మాత్రాన వాటా రాదు, కాబట్టి రెండూ విడిగా రాయాలి.

చివరగా, పాటను స్పాటిఫై వంటి యాప్‌లకు చేర్చే పంపిణీ సంస్థ ఫారంలో ప్రతి పేరూ నింపండి. ప్రతి రికార్డింగుకూ అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం 12 ఉండే ఐఎస్ఆర్‌సీ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. రీమిక్స్ చేస్తే దానికి కొత్త సంఖ్య తీసుకుని, కొత్త పేర్లు చేర్చాలి. స్పాటిఫై 2018 నుంచి ప్రొడ్యూసర్ల పేర్లు చూపిస్తోంది, కానీ మీరు నింపనిది అక్కడ కనిపించదు. మిక్సింగ్ ఇంజనీర్‌కు తర్వాతి పని తెచ్చిపెట్టేది చాలాసార్లు ఆ ఒక్క వరుసే. విడుదలైన రోజు పాట తెరిచి పేర్లన్నీ సరిచూడండి, తప్పుంటే ఆ రోజే దిద్దించండి.