రోహిణీ కార్తె రాకముందే నాడి చూడటం నేర్చుకోండి

బెజవాడ ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది, కానీ ఇంట్లో గుండె దడ మనిషి ఉంటే మాత్రం రోహిణీ కార్తె దాకా ఆగకుండా ఇప్పుడే నాడి చూడటం నేర్చుకోండి. బొటనవేలి వైపు మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయొద్దు, లయ తప్పిన నాడికి ఆ లెక్క కుదరదు. కుదురుగా కూర్చున్నప్పుడు 60 నుంచి 100 మామూలే. అంకె ఒక్కటే చూస్తే చాలదు, వరస కూడా చూడాలి.

పోయిన మే నెలలో మా అమ్మ బీసెంట్ రోడ్డుకెళ్లి మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చి "గుండెల్లో ఏదోలా కొట్టుకుంటోందిరా" అంటే గ్యాస్ అనుకుని నిమ్మసోడా తాగించాం. తర్వాత చెయ్యి పట్టుకు చూస్తే రెండు కొట్టి ఆగడం, వెంటనే నాలుగు గబగబా, మళ్లీ ఒకటి నీరసంగా. ఆస్పత్రికి చేరేసరికి సర్దుకుంది, ఈసీజీ నార్మల్! 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ పెట్టె) పెట్టాకే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ జబ్బు అని తేలింది. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటాయి, రక్తం అక్కడ నిలిచి గడ్డ కడుతుంది, అది మెదడుకెళ్తే పక్షవాతం. కాబట్టి దడ ఉండగానే ఈసీజీ తీయించాలి, దగ్గర్లో ఎక్కడ తీస్తారో ముందే కనుక్కోండి.

చెమటతో నీళ్లూ లవణాలూ పోతే దడ ఎక్కువవుతుంది. ఒంట్లో నీరు తీసే మాత్ర వాడేవాళ్లు ఎండలు ముదరకముందే డాక్టర్‌ని కలిసి డోసు సంగతి, పొటాషియం పరీక్ష సంగతి అడగండి, సొంతంగా మానేయొద్దు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ ఇబ్బంది ఉంటే అడగకుండా తాగొద్దు. రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు గోంగూర మానక్కర్లేదు (గుంటూరు వాళ్లు ఊపిరి పీల్చుకోండి), కానీ ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందుకి ఎదురు పనిచేస్తుంది, ఒక వారం ఆకుకూర ముట్టకుండా మరో వారం రోజూ తింటే మందు పనితనం మారిపోతుంది, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పరీక్ష) నిలకడగా ఉండదు.

దడతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే వెంటనే 108. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి లేవకపోయినా అది పక్షవాతం కావచ్చు, 108కి చెప్పి ఎన్నింటికి మొదలైందో రాసుకోండి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. రక్తం పల్చబరిచే మందు ఏది, ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు అని కూడా అడుగుతారు. మందుల వివరాలు రాసిన చీటీ అమ్మ పర్సులో ఒకటి, నా ఫోన్ కవర్ వెనక ఒకటి ఉంటుంది.