పాలిష్ పట్టే రాళ్ల కొరత ఇలా తీరింది

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌కు విదేశాల్లో ఎంత గిరాకీ ఉన్నా, మా పాలిషింగ్ యూనిట్‌లో మాత్రం చేతినిండా పని ఉన్న రోజే గ్రానైట్‌ను రుద్ది పాలిష్ పట్టే రాళ్లు నిండుకునేవి. గరుకు నుంచి నునుపు దాకా వరుసగా మార్చుకుంటూ పోవాలి గనుక మధ్యలో ఒక్క నంబరు (గరుకుదనాన్ని బట్టి రాయికి ఉండే అంకె) లేకపోయినా మెషీను ఆగినట్లే. ఒంగోలుకు మనిషిని పరుగెత్తించడం, ఆలోగా కూలీలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం. కంప్యూటర్‌లో స్టాకు లెక్క పెట్టి చూశాం. తడి చేతులతో ఎవరు నమోదు చేస్తారు?

చివరికి టయోటా కార్ల కంపెనీలో ఇంజినీరు తైచీ ఓనో తెచ్చిన కాన్‌బాన్ పద్ధతిని, అంటే సరుకు కావాలని అట్టముక్కతోనే కబురు చెప్పే పద్ధతిని, పట్టుకున్నాను. ప్రతి నంబరుకూ రెండు డబ్బాలు. మొదటిది ఖాళీ కాగానే దాని అడుగున ఉన్న ఎర్ర అట్టముక్క ఆఫీసు గోడ మీది మేకుకు చేరాలి. సాయంత్రం ఆ మేకు చూసి ఆర్డరు చెబుతాను. (కందిపప్పు డబ్బాలతో మా ఆవిడ ఎప్పటినుంచో చేస్తున్నది ఇదేనట!)

రెండో డబ్బాలో ఎంత ఉండాలన్నదే అసలు కిటుకు: సరుకు వచ్చేదాకా అయ్యే వాడకం, దానిపైన కొంత అదనం. సంక్రాంతి ముందు లారీలు ఆలస్యమవుతాయి కాబట్టి అప్పుడు ఆ అదనం పెంచుతాం. అట్టలకు ప్లాస్టిక్ కవరు తప్పనిసరిగా తొడగండి. రాతి బురద తగిలితే అక్షరం మిగలదు.