నేల మీద కాలు పెట్టే ముందు: కెన్యా ఎత్తైన మైదానాల సఫారీకి వెళ్ళేవారికి జాగ్రత్తలు

2024 జూలైలో దక్షిణాఫ్రికాలోని పిలానెస్‌బర్గ్ జాతీయ ఉద్యానంలో స్పెయిన్‌కు చెందిన ఒక పర్యాటకుడు పిల్లలతో ఉన్న ఏనుగుల మందను ఫొటో తీయడానికి కారు దిగాడు. ఒక పెద్ద ఏనుగు తరిమింది. అతను కారు దాకా తిరిగి రాలేకపోయాడు. కారులోనే ఉండిపోయిన మిగతావారికి ఏమీ కాలేదు. 2018 ఆగస్టులో కెన్యాలోని నైవాషా సరస్సు ఒడ్డున నిలబడి నీటిగుర్రాన్ని ఫొటో తీస్తున్న తైవాన్ పర్యాటకుడు దాని దాడిలో మరణించాడు. రెండు దేశాలు వేరు, రెండు జంతువులు వేరు. రెండుచోట్లా మనిషి వాహనంలో కాక నేల మీద ఉన్నాడు.

నేను చాలా ఏళ్ళుగా నైరోబీలో ఉంటున్నాను. సంక్రాంతి దాటగానే వేసవి సెలవులకు వస్తామని విజయవాడ నుంచి, హైదరాబాదు నుంచి ఫోన్లు మొదలవుతాయి. టోపీ, నీళ్ళ సీసా, బైనాక్యులర్ల గురించి అందరికీ తెలుసు కనుక వాటి జోలికి పోవడం లేదు. ఈ సంవత్సరాలలో మనవాళ్ళు చేయగా నేను చూసిన ఒక్క పొరపాటు గురించే ఎక్కువగా రాస్తాను. గైడు చెప్పకుండా నేల మీద కాలు పెట్టడమే ఆ పొరపాటు.

కన్సర్వెన్సీలో ప్రమాదం ఎందుకు ఎక్కువ

జాతీయ ఉద్యానాలలో నిబంధన సూటిగా ఉంటుంది. నిర్ణయించిన చోట తప్ప వాహనం దిగకూడదు. కన్సర్వెన్సీలు అలా కాదు. అవి పశువుల క్షేత్రాల యజమానులో, మసాయి, సంబురు వంటి సముదాయాలో తమ భూమిని వన్యప్రాణులకు వదిలిపెట్టి నడుపుతున్న ప్రాంతాలు. 2013లో వచ్చిన వన్యప్రాణి చట్టం వీటికి గట్టి గుర్తింపునిచ్చింది. కెన్యా పర్వతానికి వాయవ్యంగా ఉన్న లైకీపియా పీఠభూమి మీద ఇవి ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. లెవా ఒకప్పటి పశువుల క్షేత్రం. అందులో ఒక భాగాన్ని 1983లో ఖడ్గమృగాల రక్షణకు కేటాయించడంతో మొదలై అది కన్సర్వెన్సీగా మారింది. సుమారు 90,000 ఎకరాల ఓల్ పెజెటాలో ప్రపంచంలో మిగిలిన రెండే రెండు ఉత్తర తెల్ల ఖడ్గమృగాలు నాజిన్, ఫాతూ కాపలా మధ్య బతుకుతున్నాయి. ఆ జాతిలో చివరి మగది సూడాన్ 2018 మార్చి 19న అక్కడే చనిపోయింది. ఇంత అపురూపమైన చోటికి మనవాళ్ళు అందరికీ తెలిసిన మసాయి మారా అభయారణ్యం ఒక్కటీ చూసి వెళ్ళిపోకుండా రావాలనే నా కోరిక, అందుకే ఈ హెచ్చరికలు.

కన్సర్వెన్సీలలో చాలాచోట్ల సాయుధ గైడుతో కాలినడకన తిరగవచ్చు, రాత్రిపూట వాహనంలో వెళ్ళి జంతువులను చూడవచ్చు, వాహనాల రద్దీ కూడా తక్కువ. మొదటి రోజు ఉదయం గైడుతో రెండు గంటలు నడిచి వచ్చినవారికి, మధ్యాహ్నానికే అక్కడి నేల మన ఊరి చెరువుగట్టులా అనిపించడం మొదలవుతుంది. గైడు గాలి ఎటు వీస్తోందో చూసి, పొదలను దూరం నుంచే గమనించి, అడుగుజాడలు చదివి నడిపించాడు కనుకే ఆ నడక క్షేమంగా ముగిసిందని వాళ్ళు గుర్తించరు. కెన్యాలో 1977 నుంచి వేట నిషేధం. తరాలుగా ఈ జంతువులు వాహనాన్ని తమకు హాని చేయని ఒక పెద్ద ఆకారంగా చూడడానికి అలవాటు పడ్డాయి. అదే వాహనం నుంచి మనిషి విడిపోయి నిలబడితే ఆ అలవాటు పనిచేయదు. జంతువు పారిపోవచ్చు, మీదికి రావచ్చు. ఏది చేస్తుందో ముందుగా చెప్పగలవారు లేరు.

కంచె ఉంది కదా అని మరికొందరు అడుగుతారు. ఓల్ పెజెటాకు, లెవాకు చుట్టూ కంచె ఉన్న మాట నిజం. ఆ కంచె జంతువులు చుట్టుపక్కల పొలాల మీద పడకుండా, వేటగాళ్ళు లోపలికి రాకుండా కట్టినది. మీరు కంచెకు లోపల, జంతువుల వైపే ఉంటారు.

మా బంధువు ఒకాయన నాలుగేళ్ళ కిందట గుంటూరు నుంచి వచ్చి లైకీపియాలో ఒక శిబిరంలో దిగాడు. రాత్రి భోజనం ముగిశాక అస్కారీ, అంటే అక్కడి కాపలామనిషి, టార్చి పట్టుకుని ఆయనను టెంటు దాకా దింపి వెళ్ళాడు. లోపలికి వెళ్ళాక కళ్ళజోడు భోజనాల బల్ల మీద మరచిపోయానని ఆయనకు గుర్తొచ్చింది. పిలవడానికి టెంటులో ఈల ఉంది. కానీ ఇప్పుడే వెళ్ళిన మనిషిని మళ్ళీ ఈ కాస్త దూరానికి పిలవడం బాగుండదని మొహమాటపడి ఒక్కడే బయలుదేరాడు. దారి పక్క పొద దగ్గర పడుకుని ఉన్న ఒంటరి అడవిదున్న లేచి కొట్టింది. తొడ ఎముక విరిగింది. కేకలు విని మనుషులు పరుగెత్తుకొచ్చారు కనుక ప్రాణం దక్కింది. ఆయనకు ధైర్యం ఎక్కువై ఈ పని చేయలేదు, ఎదుటి మనిషిని ఇబ్బంది పెట్టకూడదని చేశాడు. మనలో చాలామంది ఇలాంటివాళ్ళమే కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను: మిమ్మల్ని నడిపించడం అస్కారీ ఉద్యోగం, పదిసార్లు పిలిచినా అతను ఏమీ అనుకోడు, మిమ్మల్ని పొదలో వెతకవలసి వస్తేనే బాధపడతాడు.

వానలు, నల్లరేగడి, రోడ్డు

మన వేసవి సెలవులకూ అక్కడి పెద్ద వానలకూ పొత్తు కుదరదు. మార్చి నుంచి మే దాకా కెన్యాలో వానాకాలం. జూన్ నుంచి అక్టోబరు దాకా, మళ్ళీ జనవరి, ఫిబ్రవరి నెలల్లో నేల పొడిగా ఉంటుంది. లైకీపియాలో చాలా భాగం నల్లరేగడి నేల. తడిసిన నల్లరేగడిలో బండి దిగబడితే ఎలా ఉంటుందో మన రైతు కుటుంబాలవారికి నేను చెప్పనక్కరలేదు. సరిగ్గా అందుకే మనవాళ్ళు బండి దిగబడగానే చెప్పులు విప్పి నెట్టడానికి దిగిపోతారు. దిగకండి. డ్రైవరు రేడియోలో మరో బండిని పిలుస్తాడు, గంట పట్టినా లోపలే కూర్చోండి. అతను చుట్టూ చూసి, దిగమని తన నోటితో చెబితే తప్ప తలుపు తెరవకండి.

రోడ్డు గురించి కూడా చెప్పాలి. 2025 జూన్ 9న ఖతార్ నుంచి విహారానికి వచ్చిన 28 మంది భారతీయులతో వెళుతున్న బస్సు న్యాండరూవా కౌంటీలో లోయలో పడింది. ఐదుగురు భారతీయులు మరణించారు. వాళ్ళు వెళుతున్నది న్యాహురూరు జలపాతం వైపు, ఇదే ఎత్తైన ప్రాంతానికి. నకూరు, న్యాహురూరు, నన్యూకీ పట్టణాల మధ్య రోడ్లు ఘాట్లు దిగుతూ ఎక్కుతూ ఉంటాయి, వానలో జారుతాయి. మన టూరు పథకాలు మూడు రోజుల్లో నాలుగు చోట్లు చూపిస్తామంటాయి. అంటే డ్రైవరు రోజంతా నడిపి చీకట్లో కూడా నడపాలి. భూమధ్యరేఖ దగ్గర సంధ్యవెలుగు ఎంతోసేపు నిలవదు, ఏడు కాకముందే చీకటి కమ్ముకుంటుంది. ఒక చోటు తగ్గించుకుని, సాయంత్రం ఐదుకల్లా శిబిరం చేరేలా పథకం వేయించుకోండి. సీటు బెల్టు లేని వాహనం ఎక్కకండి.

ఒంటి సంగతి

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే నిలిపివేసి రోజుల తరబడి విడిగా ఉంచవచ్చు. ఎత్తైన చోట్ల దోమలు తక్కువే గాని, అదే ప్రయాణంలో మారాకో సముద్రతీరానికో వెళ్ళేవారు మలేరియా మాత్రల గురించి డాక్టరును అడిగి తీరాలి. లైకీపియాలోని నన్యూకీ సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఉంది, ఆ ఎత్తు చాలామందికి ఇబ్బంది పెట్టదు. కాని కెన్యా పర్వతం మీద 4,985 మీటర్ల లెనానా శిఖరానికి నడుస్తామనేవారు తొందరపడి రెండు మూడు రోజుల్లో ముగించాలని చూడకండి. తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే ఆగి చూడడం కాదు, కిందికి దిగడమే వైద్యం. బీమాలో విమానంలో తరలించే ఖర్చు ఉందో లేదో చదివి చూసుకోండి. శిబిరం నుంచి నైరోబీ ఆసుపత్రికి రోడ్డు మీద సగం రోజు పట్టవచ్చు.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను. ప్రతిదీ నేను కళ్ళారా చూసిన తప్పుకు జవాబు.

మూత్రం ఆపుకోకండి, చెప్పడానికి సిగ్గుపడకండి. మధుమేహం ఉన్న పెద్దలు బయలుదేరే ముందే గైడుకు చెప్పండి. అతను ఖాళీ ప్రదేశంలో బండి ఆపి, చుట్టూ చూసి, ఏ పక్కన దిగాలో చూపిస్తాడు. చాటు కోసం పొద వెనక్కి వెళ్ళకండి. పొద మీకు చాటైనట్టే సింహానికీ చాటు.

బండి నుంచి టోపీ గాని, ఫోను గాని కింద పడితే డ్రైవరుకు చెప్పండి. మీరు దిగకండి.

పైకప్పు తెరిచిన బండిలో పిల్లలను సీటు మీద నిలబెట్టకండి, భుజాల మీద ఎక్కించుకోకండి.

"ఇంకొంచెం దగ్గరికి పోనివ్వు" అని డ్రైవరును అడగకండి. అందుకు డబ్బు ఆశ చూపకండి. డబ్బుకు లొంగే డ్రైవరు మీకు అక్కరలేదు.

ఏనుగు చెవులు విప్పి మీ వైపు తిరిగితే మాటలు ఆపండి, ఫ్లాష్ ఆపండి. కణతల దగ్గర తడి కారుతున్న మగ ఏనుగు కనిపిస్తే వెనక్కి వెళదామని మీరే చెప్పండి.

నడకలో గైడు వెనక ఒకే వరుసలో ఉండండి. అతను ఆగితే ఆగండి. పరుగెత్తకండి. అతను చెబితే తప్ప పరుగెత్తకండి.

నడకకు తీసుకెళ్ళాలని పిల్లల వయసు ఎక్కువ చేసి చెప్పకండి. వయసు పరిమితి పెట్టింది పిల్లలు భయపడితే పరుగెత్తుతారనే.

హిప్పోకు, నీటికి మధ్య ఎప్పుడూ నిలబడకండి. నైవాషాలో రాత్రిపూట అవి హోటళ్ళ పచ్చికలోకే మేతకు వస్తాయి. ఆ పచ్చిక మీద రాత్రి భోజనానంతరం నడక వద్దు.

పులిహోర, చక్కిలాలు, పండ్లు టెంటులో ఉంచకండి. కోతులు జిప్పు తీస్తాయి, వాసనకు ఏనుగు కూడా రావచ్చు. శిబిరంవారికి ఇచ్చేయండి.

ప్లాస్టిక్ సంచులు పెట్టెలో పెట్టుకోకండి, 2017 నుంచి అవి కెన్యాలో నిషేధం. డ్రోను తేవద్దు. సైనికుల దుస్తుల రంగులు వేసుకోవద్దు.

ఖడ్గమృగం ఫొటోను మీరు ఉన్న చోటు తెలిసేలా వెంటనే ఎవరికీ పంపకండి. కొమ్ముల దొంగలు కూడా ఫొటోలు చూస్తారు.

పగలు కూడా టెంట్ల మధ్య దారి దాటి గడ్డిలోకి అడుగు వేయకండి.

కళ్ళజోడు, మందులు, ఫోను, ఛార్జరు భోజనాల బల్ల దగ్గర లేవకముందే లెక్క చూసుకోండి. ఏదైనా మరచిపోతే ఉదయం దాకా దాన్ని అక్కడే ఉండనివ్వండి. మందులైతే ఈల ఊదండి.

చీకటి పడ్డాక టెంటు జిప్పు తీయకముందే అస్కారీని పిలవండి. మొదటి రాత్రి పిలవండి, రెండో రాత్రి పిలవండి, దారి బాగా తెలిసిపోయిందనిపించే మూడో రాత్రి తప్పకుండా పిలవండి.