యూరప్ విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టర్ చదవబోతున్నారా? ముందు క్రెడిట్ల లెక్క రాయించుకోండి

యూరోపియన్ యూనియన్ నడిపే ఎరాస్మస్ ప్లస్ విద్యా పథకం కింద మన కళాశాల నుంచి యూరప్‌కు ఒక సెమిస్టర్ చదువుకు వెళ్లే విద్యార్థులు వీసా, విమానం టికెట్ల హడావుడిలో పడి, తిరిగి వచ్చాక ఆ చదువు తమ డిగ్రీలో ఎలా కలుస్తుందన్న సంగతిని మరచిపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

అక్కడ పూర్తి సంవత్సరం చదువుకు 60 ఈసీటీఎస్ (యూరప్ దేశాల ఉమ్మడి క్రెడిట్ విధానం) క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ అని లెక్క. మన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లోనేమో సంవత్సరానికి 40 క్రెడిట్లే. కాబట్టి అక్కడి 6 క్రెడిట్ల కోర్సు ఇక్కడ 6గానే నమోదవుతుందని అనుకోకండి. ఏడాది లెక్కన చూస్తే అది సుమారు 4కు సమానం.

బయలుదేరేముందు విద్యార్థి, రెండు విద్యాసంస్థలు కలిసి సంతకాలు చేసే లెర్నింగ్ అగ్రిమెంట్‌లో ‘ఎ’ పట్టికలో అక్కడ చదవబోయే కోర్సులు, ‘బి’ పట్టికలో వాటికి బదులుగా ఇక్కడ మినహాయింపు పొందే సబ్జెక్టులు ఉంటాయి. చాలామంది ‘ఎ’ పట్టికను శ్రద్ధగా నింపి, ‘బి’ని పైపైన చూసి వదిలేస్తారు, కానీ మన డిగ్రీకి ప్రాణం ఆ రెండో పట్టికే. అక్కడికి వెళ్లాక కోర్సు మారితే, నోటిమాటతో సరిపెట్టుకోకుండా, అదే పత్రంలో మార్పు రాయించి మళ్లీ మూడు సంతకాలూ తీసుకోండి. ప్రతి కోర్సు సిలబస్‌ను కూడా అప్పుడే దాచుకోండి.